పైవరస పళ్లు

బయటిదేశాల నుంచి వచ్చినవాళ్ల పర్మిట్ల రూల్సు మారాయన్న కబురు ఆ ఇంటికి మూడు నోళ్ల మీదుగా వచ్చింది. పాయింట్లు లెక్కేస్తారట అన్నాడు కింద కిరాణా కొట్టాయన. పాయింట్లు కాదు జీతం చూస్తారట అంది ఎదురు వాటా ఆవిడ. కూతురు పనిచేసేచోటి యజమాని అయితే రెండూ కాదు, ఏ పనులకి పర్మిట్టు ఇస్తారో ఆ జాబితానే మార్చేశారు అన్నాడు. మూడూ విన్న తల్లికి అర్థమైంది ఒక్కటే. మంచం కింది పెట్టె తీసి గుమ్మం పక్కన పెట్టుకోవాలి. అందులో రెండు స్వెట్టర్లు, బీపీ మాత్రలు, కూతురి సర్టిఫికెట్లు సర్దేసింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం దగ్గరే పొద్దు గూకేది.

కూతురిది కట్టుడుపళ్లు చేసే పని. నైపుణ్యం ఉన్న పనివాళ్లకిచ్చే పర్మిట్టు మీద ఏడేళ్లుగా ఒకేచోట చేస్తోంది. ఆ పర్మిట్టు ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది. కొత్త రూలు ప్రకారం ఈసారి ఆఫీసరే స్వయంగా వచ్చి, కాగితం మీద రాసిన పనే చేస్తోందా, ఇంకేమైనా చేస్తోందా చూసి రాస్తారట. ఇంకేమైనా అని రాశారంటే ఇద్దరూ దేశం విడిచి బయల్దేరాల్సిందే. తల్లి పర్మిట్టు కూతురి పర్మిట్టుకి తోక మరి.

"నేను పళ్లు కడుతున్నానా లేదా చూస్తారు. అంతేనమ్మా," అని కూతురు ఎన్నిసార్లు చెప్పినా తల్లి బుర్రకి ఎక్కలేదు. ఆవిడ ఎరిగినంతలో పనిలోంచి తీసేసేది బద్ధకస్తుల్ని. బద్ధకం లేదని తేలిపోతే ఇక భయమేముంది?

మంగళవారం ఎప్పట్లాగే పన్నెండింటికి కూతురి క్యారియరు పట్టుకెళ్లింది. ఆ పనిచోటు రెండే గదులు. ముందుగదిలో ఫోను, రిజిస్టరు, రెండు కుర్చీలు. వెనకగదిలో చిన్న మంట, గులాబీరంగు మైనం, చీటీలు కట్టిన దవడ అచ్చులు వరసగా. యజమానిని ఆవిడ సున్నపాయన అంటుంది, మోచేతుల దాకా ఎప్పుడూ అచ్చుపోసే తెల్లపొడే కాబట్టి. ఆయనా బయట్నుంచి వచ్చినవాడే. డబ్బు పెట్టి ఈ పనిచోటు తెరిచాడని రానిచ్చారు. ఆయన రూలు కిందటేడే మారింది, కనీసం ఇద్దరికి ఉద్యోగం ఇవ్వాలట. ఉన్నది ఈ పిల్ల ఒక్కతే. రెండో మనిషిని చూస్తున్నా చూస్తున్నా అంటూ ఏడాది గడిపేశాడు.

ఆ రోజు ముందుగదిలో ఒక సన్నటావిడ ఒళ్లో ఫైలుతో కూర్చుని ఉంది. తల్లికి గుండె జారి క్యారియర్లో పడ్డట్టయింది. ఆఫీసరు మర్యాదగానే నవ్వింది. లోపల పనిచేసే అమ్మాయి మీ అమ్మాయా, ఇక్కడేం చేస్తుంది అని అడిగింది.

ఇంతకన్నా మంచి అదను దొరకదనుకుంది తల్లి. పళ్లు ఒక్కటేనా అంది. పొద్దున్నే వచ్చి ఊడ్చేదీ తనే, ఫోనెత్తేదీ తనే, తయారైనవి సంచీలో వేసుకుని డాక్టర్లకి ఇచ్చొచ్చేదీ తనే, చివరికి కిటికీ అద్దాలు తుడిచేదీ తనే అని వేళ్లు మడుస్తూ చెప్పింది. ఆఫీసరు కలం ఆగకుండా కదిలింది. ఎంత రాస్తే అంత మంచిదనుకుని, సెలవురోజున కూడా వస్తుందని కలిపింది.

వెనకగది తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. ఆ మొహం చూశాక గానీ తల్లికి ఏదో అయిందని తోచలేదు. పక్కన సున్నపాయన మొహం చేతుల కన్నా తెల్లగా ఉంది.

"ఇన్ని పనులుంటే రెండో మనిషి ఏరండీ?" అని ఆఫీసరు ఆయన్నడిగింది. ఆయన ఈసారీ చూస్తున్నానండీ అన్నాడు.

నోరా వీపుకి తేకే అనుకుని, తల్లి చప్పున దిద్దబోయింది. "అంటే, ఊడ్చేది నేనేనమ్మా. ఏదో తోచక."

"మీకు ఇక్కడ పనిచేసే అనుమతి ఉందా?"

లేదంటే ఏమవుతుందో, ఉందంటే ఏమవుతుందో ఆవిడకి తెలీలేదు. ఉంది లేదు అంది. పెనం మీంచి పొయ్యిలోకి అంటారే, ఆ పొయ్యికి అడుగెక్కడో కూడా అందడం లేదు. సున్నపాయన చేతులు జోడించి, "మీరు కాస్త కూర్చోండమ్మా, పుణ్యముంటుంది," అన్నాడు.

ఆవిడ కూర్చోలేదు. ఇంత చెప్పినా, అసలు ఈ పిల్లకి పళ్లు కట్టడం వచ్చని ఒక్క ముక్కా చెప్పలేదని అప్పుడు వెలిగింది. గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, నోట్లోంచి పైవరస తీసింది. రెండేళ్లుగా ఎదురు వాటా ఆవిడకి కూడా తెలియనివ్వని సంగతది. కొంగుతో తుడిచి ఫైలు మీద పెట్టింది.

"మా పిల్ల కట్టిందేనమ్మా. చూసుకోండి." మాట సగం గాలిలో పోయింది.

ఆఫీసరు సంచీలోంచి కాగితం రుమాలు తీసి, దాంతో పట్టుకుని తిప్పి చూసింది. లోపలివైపు చిగుళ్ల రంగు భాగం మీద సన్నగా ఒక అంకె చెక్కి ఉంది. ఇదేమిటని అడిగితే, చేసిన ప్రతి వరసకీ అంకె వేసి రిజిస్టర్లో రాస్తామని కూతురు చెప్పింది. రిజిస్టరు తెప్పించారు. ఆ అంకె ఎదురుగా కూతురి సంతకం ఉంది. ముందు పేజీల్లో, వెనక పేజీల్లో, ఏడేళ్ల పొడుగునా అదే సంతకం. ఆఫీసరు వెనకగదిలోకి వెళ్లి గంటసేపు కూతురి పక్కనే నిలబడింది. తల్లి పళ్లు పెట్టుకుని, ఆ గంటా ఇక పెదవి విప్పలేదు.

నాలుగు వారాలకి ఉత్తరం వచ్చింది. కూతురు చదివి వినిపించింది. తను ముఖ్యంగా చేసేది పళ్ల పనే అని ఒప్పుకుని మూడేళ్లు పొడిగించారు. ఊడ్చే పని, ఫోను, తిరుగుడు మాత్రం ఇకమీదట ముట్టుకోకూడదు. వాటికి యజమాని మూడు నెలల్లో ఇంకో మనిషిని పెట్టాలి. లేకపోతే ఆయన పర్మిట్టు రద్దు.

తల్లి ఆ ఉత్తరాన్ని తిరగేసి, వెనక ఏమన్నా రాశారేమో చూసింది.

"ఇంతకీ ఉండమన్నారా, పొమ్మన్నారా?"

"ఉండమన్నారమ్మా. మూడేళ్లు."

"మరి ఆ మూడు నెలల సంగతో?"

"అది సున్నపాయనకి."

"ఆయన వెళ్లిపోతే నువ్వెక్కడ కడతావే పళ్లు?"

సున్నపాయన నిన్నే తలుపుకి 'మనిషి కావలెను' అని కాగితం అంటించాడనీ, అప్పుడే ఇద్దరు వచ్చి అడిగారనీ కూతురు చెప్పింది.

ఇద్దరొచ్చారా, మరి ఒక్కరినే పెట్టుకుంటే రెండోవాళ్లకి కోపం రాదా అని తల్లి ఆలోచించింది. కాసేపటికి లేచి, గుమ్మం పక్కనున్న పెట్టెని ఈడ్చుకెళ్లి మంచం కిందికి నెట్టింది. స్వెట్టర్లు బయటికి తీయలేదు. వంగితే అందేలా పిడి మాత్రం ఇవతలకి పెట్టింది.