మేకుకు తగిలించిన బ్యాడ్జీ

గంగ పోటెత్తుతోంది. కిటికీలోంచి బురద వాసన.

నౌకాదళం వాళ్ళు త్యాగరాజు నోరు తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఇందులో వాదించేదేమీ లేదు.

ఊరి బడిలో చదివి నౌకాదళంలో ఇంజనీరైనవాడు. నీటి అడుగున తిరిగే ఓడలో, దాన్ని నడిపే అణు రియాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళు. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాడు. ఇంట్లో అడిగితే బాయిలరు పని అనేవాడు.

భార్య భానుమతి నమ్మింది.

లోపలికి వెళ్ళే ప్రతివాడి ఛాతీ మీదా ఒక బ్యాడ్జీ ఉండేది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది చెప్పేస్తుంది. హద్దు దాటితే ఓడ దింపేస్తారు. అందుకని చిన్న చిన్న పనులకి దాన్ని తీసి, తలుపు బయట మేకుకు తగిలించి వెళ్ళేవారు. తియ్యనివాణ్ణి కొత్త పెళ్ళికూతురు అని ఏడిపించేవారు.

త్యాగరాజు తీశాడు.

ఒకరోజు రియాక్టరు నీళ్ళ వాల్వు కారింది. చొక్కా చెయ్యి తడిసింది. రేడియేషన్ తనిఖీకి నిలబడితే మేకు సంగతి బయటపడుతుంది... నిలబడలేదు.

చొక్కా ఇంటికొచ్చింది.

భానుమతి దాన్ని తన చేతులతో పిండింది.

నీళ్ళు. రంగు లేదు, వాసన లేదు. ఉత్త నీళ్ళు.

నాలుగేళ్ళకి ఆమె రక్తం పాడైంది. వైద్యానికి కలకత్తాలో ఆమె పుట్టిన ఖిదిర్‌పూర్‌కే తీసుకొచ్చాడు. దాదా, మీరేం పని చేసేవారని డాక్టరు అడిగాడు.

బాయిలరు పని.

డాక్టరు రాసుకున్నాడు. మంచం మీంచి భానుమతి అవునని తలూపింది. ఆ మంచం మీంచి మళ్ళీ లేవలేదు.

చొక్కా వల్లేనని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు. తెలిస్తే కదా అనడానికి.

ఇప్పుడు ఎదురుగా కొడుకు అభిజిత్. శిక్షణ అయిపోయింది, రేపు సంత్రాగాఛిలో రైలెక్కుతాడు. అదే పని... అలాంటి ఓడే.

సీనియర్లు బ్యాడ్జీ మేకుకు తగిలిస్తారని నవ్వుతూ చెబుతున్నాడు. తనని అప్పుడే పెళ్ళికూతురంటున్నారట. నాన్నది బాయిలరు పని కాదని కూడా అక్కడే తెలిసిందట.

"నువ్వూ తగిలించేవోడివేటి, నాన్నా?"

త్యాగరాజు కిటికీ వైపు తిరిగాడు.

కిటికీ కింద, గట్టు మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

ఒక్క మాట చాలు. కానీ ఆ మాట వెనక చొక్కా వస్తుంది. చొక్కా వెనక ఆ చేతులు వస్తాయి — వీడికి అన్నం కలిపి పెట్టిన చేతులు.

"నువ్వు తియ్యకు."

"అందరూ తీస్తారు కదా. ఎందుకు తియ్యకూడదు?"

వాడి మొహంలో నవ్వు ఇంకా పోలేదు. త్యాగరాజుకి ఆ నవ్వు చూస్తే భయం వేసింది. అది తనదే.

బురద వాసన గది నిండా. ఇంకో మెట్టు మునిగింది... గంగ పోటెత్తుతూనే ఉంది.

"తియ్యకు. అంతే. ఇంకోసారి నన్నడక్కు. చచ్చేదాకా చెప్పను."