రెండు అలల కుట్టు

నేను ఒక నడుము సంచిని. నన్ను చూసి పర్సు అనకండి, నాకు నచ్చదు. పర్సు చేతిలో ఉంటుంది, ఏమరుపాటున ఏ కుర్చీ మీదో ఉండిపోతుంది. నేను మనిషి నడుముకు బిగించుకుని ఉంటాను. నన్ను ఎక్కడో పెట్టి మరిచిపోవడం ఎవరివల్లా కాదు.

నన్ను కుట్టిన మనిషి పేరు గంగరత్న. హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా మగవాళ్ల ప్యాంట్లకు వెనక జేబులు కుడుతోంది. ప్యాంటు మొత్తం కాదు, వెనక జేబులే, రోజుకు నాలుగు వందల జేబులు. ప్రతి జేబు మీదా రెండు అలల్లా సాగే కుట్టు ఒకటి వేయాలి. అది కంపెనీ గుర్తు. ఇన్ని జేబులు కుట్టే మనిషి ఒంటి మీద మాత్రం ఒక్క జేబూ లేదు. చుడీదారుకు లేదు, పైన వేసుకునే ఫ్యాక్టరీ కోటుకూ లేదు. జేబులుంటే ఆడవాళ్లు గుడ్డముక్కలు పట్టుకుపోతారట. ఆమె భర్త ఆదినారాయణ ఆటో తోలుతాడు. అతని ఒంటి మీద ఆరు జేబులు. అయినా రోజూ పొద్దున ఆటో తాళంచెవి కోసం ఇల్లంతా వెతికిస్తాడు.

గంగరత్నకు ఉబ్బసం. నూలు ధూళి పడదు. ఆయాసం వస్తే నోట్లో కొట్టుకునే ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరుండాలి. ఫ్యాక్టరీలో అయితే బ్యాగులన్నీ గేటు దగ్గరి అరల్లో పెట్టి లోపలికి పోవాలి. మందు బ్యాగులో, బ్యాగు గేటు దగ్గర, ఆయాసం మాత్రం లోపల మిషన్ దగ్గర. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ మూడూ ఒకచోట చేరడానికి చాలాసేపు పట్టింది. పక్క మిషన్ మీద కుట్టే షమీమ్ గేటుకు పరుగెత్తింది. అక్కడ ఆడవాళ్లను తనిఖీ చేసే మునెమ్మ, సూపర్‌వైజర్ చీటీ లేనిదే బ్యాగు ముట్టుకోనివ్వనంది. షమీమ్ మళ్లీ లోపలికి పరుగు. చీటీ రాయడానికి సూపర్‌వైజర్ తన జేబులన్నీ తడుముకున్నాడు, పెన్ను దొరకలేదు. చివరికి మందు వచ్చేసరికి గంగరత్న పెదాలు నల్లబడిపోయాయి.

బతికింది. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకోసారి ఇలా అయితే తాను మిగలనని అవ్వతో చెప్పింది. అవ్వ ఓబులమ్మకు ఎనభై దాటాయి. అంతా విని, తన నడుమున ఉన్న ఆకువక్కల తిత్తిని తడిమి చూపించింది.

"కలుపుకు పోయినా, కోతకు పోయినా నా తిత్తి నా నడుముకే కదమ్మే. దాన్ని గట్టున పెట్టి రాపో అనేటోడు యాడా పుట్టలే."

నేను పుట్టింది ఆ సాయంత్రమే. ఆదినారాయణ చిరిగిన ఖాకీ చొక్కా వీపు నాకు ఒళ్లయింది. పాత లంగా బొందు నాకు తాడయింది. రెండు వైపుల నుంచీ తాడు లాగితే మూతి ముడుచుకోవాలని, వేళ్లు పెట్టి విదిలిస్తే ఒక్క క్షణంలో తెరుచుకోవాలని అవ్వ పక్కన కూర్చుని చెప్పింది. ఇంట్లో మిషన్ లేదు, గంగరత్న సూదితోనే కుట్టింది. గుండ్రంగా కుట్టాలనే మొదలుపెట్టింది. ఆరేళ్ల అలవాటు ఊరుకుంటుందా? దారం తెంపి చూసుకుంటే నా అడుగు కోణంగా వచ్చింది, ముందు భాగం మీద రెండు అలలు వచ్చి కూర్చున్నాయి. అచ్చం ప్యాంటు వెనక జేబు. గంగరత్న ఆయాసం వచ్చేటట్టు నవ్వింది. ఎవరు చూస్తారులే అని వదిలేసింది.

మర్నాడు సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు తనిఖీలో మునెమ్మ చూసింది. ఆ వారం లైన్‌లో కుడుతున్న ప్యాంట్లు కూడా ఖాకీ రంగే. ఇంకేం, దొంగ దొరికిందన్నారు. నన్ను నడుము నుంచి ఊడదీసి మేనేజర్ బల్ల మీద పడేశారు. కంపెనీ జేబు దొంగిలించినందుకు ఆ పూటే పని మానిపించాలని సూపర్‌వైజర్ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆదినారాయణ పదేళ్ల చెమట నాలో ఉంది. ఒకసారి వాసన చూస్తే తెలిసేది, నేను ఎవరి సొత్తో.

గంగరత్న ఏడవలేదు. నన్ను తీసి లోపలిది బయటికి తిప్పి మేనేజర్ ముందు పెట్టింది.

"సూడండి సార్, ఇది సూది కుట్టు, మిషన్‌ది గాదు. గుడ్డ మా ఇంటాయన చొక్కాది."

మరి కంపెనీ గుర్తు ఎందుకుందని మేనేజర్ అడిగాడు.

"ఆరేండ్లుగా నా సేతికి మీరు అదొగటే నేర్పిచ్చినారు. సెయ్యి దానంతట అదే ఏసింది. సెయ్యి గూడా కంపెనీదేనా సార్?"

మేనేజర్ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. మందు పెట్టుకోవడానికైతే సంచి ఉండనీ, ఆ గుర్తు మాత్రం విప్పేయాలన్నాడు. ఆమె అక్కడే నిలబడి అలలు రెండూ పోగు పోగుగా విప్పింది. ఆ దారాన్ని ఉండ చుట్టి, ఇదీ మా ఇంటిదే గానీ మీరే ఉంచుకోండని బల్ల మీద పెట్టి వచ్చింది. నాకు నొప్పి తెలియలేదు.

నాలుగో రోజు మళ్లీ ఆయాసం వచ్చింది. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు, ఎవరి పెన్నూ వెతకలేదు. వేళ్లు పెట్టగానే నేను నోరు తెరిచాను. రెండుసార్లు మందు పీల్చుకుని, కాసేపు కూర్చుని, గంగరత్న మళ్లీ మిషన్ తొక్కింది. షమీమ్ కన్నార్పకుండా చూసింది. సాయంత్రం బస్సులో తనకూ కుట్టడం నేర్పమంది. వెనక సీట్లో వాళ్లూ ముందుకు వంగి విన్నారు.

తర్వాతి సోమవారం గేటు దగ్గర మా లైన్‌లోని ఇరవై ఎనిమిది మంది నడుములకూ సంచులు. ఒకదాంట్లో తలనొప్పి మాత్ర, ఒకదాంట్లో నెలసరి గుడ్డ, ఒకదాంట్లో బిడ్డ ఫొటో. అందరివీ ఇంట్లోని పాత బట్టలే, నా మీద తప్ప అన్నింటి మీదా రెండు అలలు. గంగరత్న చెయ్యి పొరపాటున వేసింది గానీ వీళ్లు తెలిసే వేశారు. మునెమ్మ వరుసంతా చూసింది. అన్నీ విప్పిస్తే ఆ రోజు లైన్ నడవదని ఆమెకూ తెలుసు. పక్కకు జరిగింది.

ఇలా తమ కథ చెప్పుకునే వస్తువులు చివరికి చెత్తకుప్పకో, అద్దాల బీరువాకో చేరుతుంటాయి. నాకంత తీరిక లేదు, రేపు పొద్దున డ్యూటీ ఉంది. ఆ సోమవారం ఇంటికి రాగానే గంగరత్న ఎర్రదారం ఎక్కించి నన్ను ఒళ్లో పెట్టుకుంది. దారం పోయినా సూది పోట్లు నా మీద వరుసగా అలాగే ఉన్నాయి. వాటి వెంటే పోయి రెండు అలలూ మళ్లీ వేసింది. ఈసారి చెయ్యి దానంతట అది వేయలేదు. ఆమే వేసింది.