రోజుకో బతికున్న మనిషి

కిరాణా కొట్టాయన పోయాడని పక్కింటావిడ ఇస్త్రీ అతనితో చెప్పిందట. నిద్రలోనే పోయాడట, మొహం మాత్రం ఎంత ప్రశాంతంగా ఉందో అందట. ఇస్త్రీ అతను ఈ సంగతి వీధి చివరి దాకా గుమ్మం గుమ్మానికీ పంచిపెట్టి, గొంతు ఆరిపోయి, సోడా తాగుదామని కొట్టు దగ్గర ఆగాడట. సోడా అందించిన చెయ్యి ఎవరిదో తలెత్తి చూసి సీసా అక్కడే వదిలేసి పరిగెత్తాడట. కొట్టాయన గాజుపెంకులు ఊడుస్తూ వెనకనుంచి కేకేసి, "పొద్దుట్నుంచీ నువ్వు అయిదోవాడివి. అందరూ నన్ను చూసి నిరాశపడి వెళ్తున్నారు" అన్నాడట.

నిరాశ అన్న మాట పక్కింటావిడ సొంతంగా చేర్చి ఉంటుంది. మిగతాదంతా నిజమే. దానికి కారణం పటాలాయన.

పోయినవాళ్ళ బొమ్మలు గీసి, అద్దం బిగించి ఇవ్వడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. అందుకే వీధికంతకీ ఆయన పటాలాయన. ఎవరింట్లో ఎవరు పోయినా గుర్తింపు కార్డు మీది గోరంత ఫోటో పట్టుకుని ఆయన గదికి వచ్చేవాళ్ళు. "కొంచెం మెల్ల ఉండేది, అది వద్దు" అనేవాళ్ళు. "నాలుగు వెంట్రుకలు ఎక్కువ పెట్టండి, ఆయనకి ఆ దిగులుండేది" అనేవాళ్ళు. పటాలాయన మెల్ల తీసేసేవాడు, వెంట్రుకలు నాటేవాడు, తెరిచిన నోరు మూసేవాడు. వెనక లేత నీలం పూసి, తల చుట్టూ పల్చగా తెల్లమబ్బు పరిచేవాడు. బతికినన్నాళ్ళూ చొక్కాకి పై గుండీ పెట్టుకోని మనిషికి కూడా పోయాక కోటు తొడిగేవాడు. అంతా అయ్యాక అడుగున రెండు వేళ్ళ వెడల్పు తెల్లపట్టీ వదిలి, అందులో పోయిన తేదీ రాసేవాడు. ఇంటివాళ్ళు పటం చూసి కొత్తగా ఏడ్చేవాళ్ళు. మనిషి ఇంత మంచివాడని వాళ్ళకి అప్పుడే తెలిసేది మరి.

ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. మెల్ల తియ్యడం, జుట్టు నాటడం, కోటు తొడగడం ఫోటో స్టూడియోలో పావుగంట పనైపోయింది. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, పటాలాయన గది తలుపు తట్టేవాళ్ళు మాత్రం లేరు. చావుక్కూడా చేతిపని మీద గౌరవం పోయింది.

సరిగ్గా అప్పుడే బళ్ళో డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం ఖాళీ పడింది. "వెళ్ళి అడగండి. యాభై ఆరేళ్ళ మనిషిని పిలిచి ఇంకో పని ఎవరిస్తారు" అని భార్య తరిమింది. హెడ్‌మిస్ట్రెస్ ఆయన తెచ్చిన పటాలు ఒక్కొక్కటే చూసింది. చూసినకొద్దీ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"చెయ్యి బాగుంది మాస్టారూ. కానీ వీళ్ళంతా పోయినవాళ్ళే కదా."

"అవునండీ."

"మా పిల్లలు బతికున్నవాళ్ళు."

పటాలాయన పటాలు మళ్ళీ సర్దుకోసాగాడు. చివరికి ఆవిడే దారి చూపించింది. ముప్పై రోజులు, రోజుకో బతికున్న మనిషి. ఎదురుగా కూర్చోబెట్టి గీయాలి, తేదీ వెయ్యాలి, ఏ రోజు బొమ్మ ఆ రోజు సాయంత్రం ఆరు లోపల బడి ఫోన్ గ్రూపులో పెట్టాలి. ఒక్క రోజు తప్పినా ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

పటాలాయన ఇంటికొచ్చి మీసం దువ్వుకున్నాడు. "ముప్పై ఏళ్ళు లేనివాళ్ళని గీసినవాణ్ణి. ఎదురుగా ఉన్నవాళ్ళని గీయడం నాకొక లెక్కా."

"లేనివాళ్ళు కదలరు అల్లుడూ" అంది మంచం మీంచి అత్తగారు.

అత్తగారికి ఎనభై రెండు. కూతురి దగ్గరే ఉంటుంది. అల్లుణ్ణి మీరు అనడం పెళ్ళైన ఏడాదే మానేసింది. పళ్ళు మూడు మిగిలాయి, నోరు మాత్రం మొత్తం ఉంది.

మొదటి రోజు కొట్టాయన కూర్చున్నాడు. పటాలాయన శ్రద్ధగా గీశాడు. చెయ్యి ముప్పై ఏళ్ళ దారి పట్టి పోయింది. కొట్టాయన మెల్ల పోయింది, నోరు మూసుకుంది, ఒంటి మీదికి కోటొచ్చింది, తల చుట్టూ మబ్బొచ్చింది. అడుగున తెల్లపట్టీ వచ్చింది. అందులో, హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది గనక, ఆ రోజు తేదీ చక్కగా పడింది. సాయంత్రం గ్రూపులో పెట్టాడు. పక్కింటావిడ మనవడు ఆ బళ్ళోనే చదువుతున్నాడు. ఆవిడ కోడలి ఫోన్లో చూసింది. తర్వాత సంగతి ఇస్త్రీ అతనికి తెలుసు.

కొట్టాయన స్వయంగా వచ్చాడు. "ఏమయ్యా, నేను నడుస్తుండగానే నాకు కోటు తొడుగుతావా."

"బాగుంటుందని వేశానన్నా."

"బాగుంది. నా భయమూ అదే. మా ఇంటావిడ చూసి, మీకంటే ఇదే నయం, గోడకి పెట్టుకుందాం అంటోంది."

ఇక కోటు లేదు, మబ్బు లేదు, పట్టీ అసలే లేదు, తేదీ కాగితం వెనక అని పటాలాయన ఒట్టు పెట్టుకున్నాడు. రెండో రోజు పోస్ట్‌మాన్, మూడో రోజు దర్జీ. నాలుగో రోజు బ్యాంకు కాపలాదారు. ఆయన కూర్చున్న అయిదు నిమిషాలకే నిద్రపోయాడు గనక పటాలాయనకి చెయ్యి బాగా ఆడింది. కోట్లూ మబ్బులూ లేకపోయినా అందరి మొహాల్లోనూ అదే శాంతి. దర్జీ జీవితంలో అంత శాంతి ఎన్నడూ ఎరగడు. "అందరూ బాగున్నారు. ఎవరూ లేచొచ్చేలా లేరు" అని హెడ్‌మిస్ట్రెస్ గ్రూపులో రాసింది.

అయిదో రోజు పొద్దున పోస్ట్‌మాన్‌కి జ్వరం. ముందు రోజంతా వానలో తిరిగాడు. కానీ వీధి వానని ఒక్క మాట అనలేదు. పటాలాయన డ్రాయింగ్ అట్ట చంకన పెట్టుకుని కనబడితే చాలు, తలుపులు మూతపడ్డాయి. సెలూన్ అతను కత్తెర దించకుండానే చెప్పాడు, "నా మొహం జోలికి రాకన్నా. నెలకోసారి నీ మెడ నా చేతిలోకొస్తుంది."

మధ్యాహ్నం మూడయింది. పటాలాయన ఇంటికొచ్చి అట్ట గోడకి ఆనించి కూలబడ్డాడు. భార్యని అడుగుదామని నోరు తెరిచాడు. ఆవిడ అంతకు ముందే చీపురు అందుకుంది.

"నన్ను గీయి" అంది అత్తగారు.

"అమ్మా, నువ్వొద్దు" అంది భార్య గబుక్కున.

"ఏం, నేను బతికున్నదాన్ని కాదా."

"అది కాదు."

"అదే. నన్ను తీసుకుపోవాలంటే ఇతని బొమ్మ కావాలా. ఇతనికంత పనితనముంటే ఇంట్లో ఎందుక్కూర్చుంటాడు."

గంటన్నరలో బొమ్మ అయింది. అత్తగారు కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవరీవిడ?"

"మీరే అత్తయ్యా."

"ఈవిడెవరో అల్లుణ్ణి పల్లెత్తు మాట అననిదానిలా ఉంది. నా నోరేదీ?"

"మూశానండీ. మూస్తే బాగుంటుందని."

"నలభై ఏళ్ళు కాపరం చేసి నా మొగుడికి చేతకాలేదు. నువ్వు గంటన్నరలో మూసేశావా. రేపు తెరిచి గీయి."

మర్నాడు తెరిచి గీయబోయాడు. అది ఒక పట్టాన తెరిచి ఉండదు, ఒక పట్టాన మూసుకోదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఎదుటి మొహం ఆయనకి ఎదురు చెప్పింది. ఆరో బొమ్మలో నోరు గుహలా వచ్చింది, ఏడో బొమ్మలో చిల్లులా వచ్చింది. "ఇది నోరా, ఎలక కన్నమా" అంది అత్తగారు. పటాలాయన కుంచె పక్కన పెట్టి వినడం మొదలెట్టాడు. పెళ్ళైన ముప్పై ఏళ్ళకి అత్తగారి మాట మొదటిసారి శ్రద్ధగా విన్న అల్లుడు ఈ వీధిలో ఆయనొక్కడే. వినగా వినగా, దెప్పిపొడిచే ముందు ఆవిడ ఎడమ కనుబొమ దానంతటది లేస్తుందనీ, అబద్ధమాడేటప్పుడు కింది పెదవి లోపలికి పోతుందనీ తెలిసింది.

పదకొండో రోజు బొమ్మ వంటింటి అరుగు మీద ఆరబెట్టాడు. భార్యకి దగ్గరి చూపు ఆనదు, కళ్ళజోడు పెట్టుకోమంటే నామోషీ. పొయ్యి మీంచి గిన్నె దించుతూ బొమ్మ వైపు తిరిగి, "వస్తున్నానమ్మా, అరవకు" అంది. అని, అటు మంచం మీద నిద్రపోతున్న తల్లిని చూసి, ఇటు బొమ్మని చూసి, గిన్నె మళ్ళీ పొయ్యి మీదే పెట్టేసింది. పటాలాయన ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. "మాస్టారూ, రోజుకో మనిషి అన్నాను. మీరు వారం నుంచీ ఒక్కావిడనే పంపిస్తున్నారు."

ఫోన్ అత్తగారు లాక్కుంది. "నేను రోజుకో మనిషినే తల్లీ. అనుమానముంటే నా కూతుర్నడుగు."

అవతల నవ్వు. తర్వాత సరే.

ఇరవై ఎనిమిదో రోజున అత్తగారికి దగ్గు పట్టుకుంది. దిండుకి చేరబడి కూర్చుంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. వీధిలో మాట ఎలా పాకిందో పాకింది. కూరగాయలావిడ గుమ్మంలో బుట్ట దించకుండానే వెళ్ళిపోయింది.

"ఇవాళ్టికి మానెయ్యండి" అంది భార్య. ఉద్యోగానికి పంపింది కూడా ఆవిడే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

పటాలాయన అట్టకి కాగితం బిగించాడు, మళ్ళీ విప్పాడు.

"మూడు రోజుల కోసం ఒడ్డున పడవ ముంచుతావా" అంది అత్తగారు. "బిగించు. మాట తగ్గితే నీకు గీయడం సుళువు కదా."

సుళువేం కాలేదు. ఆ మూడు రోజులూ ఆయన ఒక్కో మాట కోసం నీళ్ళలో కుంచె నానబెట్టుకుని కూర్చున్నాడు.

ముప్పయ్యో రోజు సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ ఇంటికే వచ్చింది. వెనకాలే, ఎవరూ పిలవకపోయినా, కొట్టాయన వచ్చాడు. బొమ్మలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. మొదటి నలుగురూ పరమశాంతంగా ఉన్నారు. ఆ తర్వాత అత్తగారు. తిడుతున్న అత్తగారు, ఆవలిస్తున్న అత్తగారు, కిటికీలోంచి ఎవరినో కేకేస్తున్న అత్తగారు, అబద్ధమాడుతూ దొరికిపోయిన అత్తగారు. హెడ్‌మిస్ట్రెస్ ఈసారి వెనక్కి జరగలేదు. ఒక బొమ్మ దగ్గర ఆగి చీర కొంగు సర్దుకుంది, తననే ఏదో అన్నట్టు. చివరి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. అందులో అత్తగారు దిండుకి ఆనుకుని, కనుబొమ లేపి, ఏదో అనబోతోంది. ఊపిరి చాలితే అనేస్తుంది.

హెడ్‌మిస్ట్రెస్ సంచీలోంచి కాగితం తీసి, గోడకి పెట్టి, సంతకం చేసింది. "సోమవారం వచ్చెయ్యండి మాస్టారూ."

భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొట్టాయన గొంతు సవరించుకుని, "వీలు చూసుకుని నాది కూడా ఇంకోసారి గీయవయ్యా. మెల్లతోనే" అన్నాడు.

కలానికి మూత పెడుతూ హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ చివరి బొమ్మ వైపు వంగింది. "మొదటిదాని తర్వాత అన్నిటికీ అంచు దాకా రంగు వేశారు. దీనికి మాత్రం కింద ఈ తెల్లపట్టీ ఎందుకు వదిలేశారు?"

పటాలాయన అప్పుడు చూశాడు. రెండు వేళ్ళ వెడల్పు, గీత గీసినట్టు తిన్నగా. ఎప్పుడు వదిలాడో ఆయనకే తెలియదు. కొట్టాయన కిటికీ బయటికి చూశాడు. భార్య చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది.

"అది... అలవాటండీ. చెయ్యి దానంతటదే..." అన్నాడు పటాలాయన.

అత్తగారు దిండు మీంచి తల కొంచెం ఎత్తి, బొమ్మనీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది. ఎడమ కనుబొమ లేచింది.

"తేదీకేగా, ఉండనీ. అంకెలు మాత్రం పెద్దవి వెయ్యి అల్లుడూ, నా కూతురికి చూపానదు."