దామోదరం మోకాలి మాట

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలియవంటారు. మింజూరు తట్టు రైతులు మాత్రం ప్రాణం సంగతి దేవుడికి వదిలేసి, వాన సంగతి దామోదరం కుడి మోకాలికి అప్పగించారు. రేడియో పేరు విన్నవాళ్లే తప్ప చూసినవాళ్లు లేని రోజులవి. ఏటా ఆషాఢమాసం తట్టు వచ్చే ఆడికృత్తిక పండక్కి వాళ్లంతా కావడ్లు భుజానికెత్తుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, తిరుత్తణి కొండకు నడిచిపోయేవాళ్లు. రోజుల తరబడి నడక. చిన్నప్పుడు ఎద్దు తన్నిన మోకాలు గనక దామోదరం మటుకు బియ్యం మూటల మధ్య బండిలో కూర్చునేవాడు. తెల్లవారగానే కాలు చాపి, మోకాలు నిమిరి, ఆ రోజు వానో ఎండో చెప్పేవాడు. ఆ మాట వినందే జట్టులో ఒక్కరూ కావడి ఎత్తేవాళ్లు కారు.

కొండ దగ్గర ఆ మాటకు మరీ విలువ. తిరుత్తణి కొండకు కింద ఊరితో పొత్తు లేదు. కింద ఎండ కాస్తుంటే పైన జల్లు పడుతుంది. తడిసిన మెట్టుమీద పాదం జారిందంటే మనిషీ కావడీ కలిసి కిందికే. అందుకని ఎక్కేముందు అందరూ బండి చుట్టూ చేరేవాళ్లు. దామోదరం ఎక్కమంటే ఎక్కడం, ఆగమంటే ఆగడం. జన్మలో కొండ ఎక్కని మనిషి కొండమీది వాన చెప్పడమేమిటని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వచ్చిన చిక్కంతా అతని భార్య రుక్మిణమ్మ వల్ల. ఆ మహాతల్లి పుత్తూరు తట్టునుంచి ఏదో నూనె తెప్పించి, ఎండాకాలమంతా మొగుడి మోకాలికి పట్టుబట్టి మర్దనా చేసింది. ఆడినెల వచ్చేసరికి నొప్పి పోయింది. మబ్బు పట్టినా సలుపు లేదు, కుండపోతగా కురిసినా లేదు. మరొకడైతే ఎగిరి గంతేసేవాడు. దామోదరానికి మాత్రం గుండె జారింది. నొప్పి లేని దామోదరం జట్టులో ఎవరికి కావాలి? బండిలో ఇంకొక బియ్యం మూట, అంతే కదా. అందుకని ఎవరికీ చెప్పనని పెళ్లాంచేత ఒట్టు వేయించుకుని, కుంటుకుంటూ బండెక్కాడు.

మొదటిరోజు పొద్దున తిరుమలయ్య వచ్చాడు. దామోదరం అక్క సుబ్బమ్మకు మొగుడు, జట్టుకు పెద్ద.

“ఏమప్పా దామోదరం, మోకాలు ఏమంటా ఉండాది?”

దామోదరం లోపలే లెక్క వేసుకున్నాడు. వానని చెప్పి రాకపోతే ఎవరి కొంపా మునగదు. “సలుపుతా ఉండాది బావా. గెట్టి వాన వస్తాది.”

జట్టంతా కావడ్లకు తాటాకు చాపలు చుట్టింది. ఆ రోజు కాసిన ఎండకు రోడ్డుమీది కాకులు కూడా నోళ్లు తెరిచాయి. చాపల బరువు మోసినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ బండివైపు చూశారు. దామోదరం గోనె మూటవైపు చూశాడు.

తిరువళ్ళూరు దాటేనాడు ఎందుకొచ్చిన గొడవని “ఎండే” అనేశాడు. కనకమ్మ సత్రం చేరేలోగా వాన దంచేసింది. కావడ్లకు కట్టిన నెమలీకలు తడిసిన కోడిపెట్టల్లా వేలాడాయి.

“బండి కుదుపుకి మోకాలికి సరింగా తెలీలేదు బావా,” అన్నాడు దామోదరం. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

“అయితే ఎద్దులదే తప్పు,” అన్నాడు తిరుమలయ్య పంచె పిండుకుంటూ.

అబద్ధమాడితే అతికినట్టుండాలి. సత్రం దగ్గర బండి దిగి కుడికాలు కుంటుతూ బావికి వెళ్లిన దామోదరం, వచ్చేటప్పుడు ఎడమకాలు కుంటుతూ వచ్చాడు. తడిసిన కావడి ముడులు విప్పుతున్న సుబ్బమ్మ అది చూసింది. ముంతెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“కాలు జాగర్త నాయనా. ఏ కాలైతే ఆ కాలు.”

దామోదరం ముంత కింద పెట్టి, మళ్లీ కుడికాలు కుంటుతూ బండెక్కాడు.

తిరుత్తణి చేరేసరికి కొండ నెత్తిన నల్లమబ్బు కూర్చుని ఉంది. కింద మాత్రం కళ్లు చెదిరే ఎండ. జట్టు అలవాటు ప్రకారం బండి చుట్టూ చేరింది. అందరికన్నా ముందు సుబ్బమ్మ, భుజాన కావడితో. ఇన్నాళ్ల నడకకు ఆమె మడమలు పగిలి నెత్తురోడుతున్నాయి. దామోదరం ఆ పాదాలు చూశాడు. తర్వాత మబ్బును చూశాడు. ఎక్కమని నోటికొచ్చినట్టు చెప్పి, ఆ పాదాలు మెట్టుమీద జారితే? పరువు పోతే పోయిందనుకున్నాడు.

“నాకు తెలీదక్కా,” అన్నాడు. “మోకాలు బాగైపోయినాది. ఒక నెలాయ. అంతా నోటికొచ్చినట్టు చెప్పినా.”

దామోదరం తల దించుకుని తిట్ల కోసం కాచుకున్నాడు. పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్న తిరుమలయ్యకు మొదట నవ్వొచ్చింది. తర్వాత జట్టంతటికీ వచ్చింది.

“ఇంతకుముందు మట్టుకు ఈ కొండమీది వాన యాడ నిజం చెప్పినావురా?” అంది సుబ్బమ్మ.

“అదేందక్కా? ఏటేటా కొండ దిగొచ్చి, చుక్క పడలేదు, నీ మాటే నిజమంటిరే.”

“తడవకేం, బాగా తడిసినాం. పైన ఎండ వచ్చేదాకా ఉండి, బండమీద ఆరేసుకుని, ఆరినాక దిగొచ్చేవాళ్లం.”

“ఎందుకు?”

సుబ్బమ్మ కావడి ఇంకో భుజానికి మార్చుకుంది. “మేమంతా పైకి పోతే నువ్వు కింద ఒక్కడివే బండికాడ కూచునుంటావు గదరా. నీకూ ఒక పని ఉండాలని మీ బావే అడగడం మొదులుపెట్టినాడు. పాపం, నువ్వూ ఎంత బాగా చెప్తావుంటివో.”

దామోదరానికి సిగ్గు వేసింది, కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడూ ఒకేసారి రావడంతో ఏదీ సరిగా పైకి రాలేదు. బండి దిగి, కుంటకుండా అక్క దగ్గరికి నడిచాడు.

“కావడి ఇట్లా ఇయ్యి.”

“మోయగలవా?”

“తెలీదు. ఎక్కితే గదా తెలిసేది.”

సగం మెట్లు ఎక్కారో లేదో వాన అందుకుంది. దామోదరం ఒక చేత్తో కావడి, ఒక చేత్తో అక్క రెక్క పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. వెనకనుంచి తిరుమలయ్య, ఈ వాన ఎవరు చెప్పినారప్పా అని అడుగుతూనే ఉన్నాడు. “అరోహరా” అని అందరితోబాటు అరిచాడు దామోదరం. ఇన్నేళ్లూ ఆ కేక కిందినుంచి వినడమే గానీ తాను వేసిందెప్పుడూ లేదు. పైకి చేరేసరికి ఒంటిమీద పొడి దారం ఒక్కటి లేదు.

కావడి చెల్లించి బయటికి వచ్చేసరికి ఎండ కాసింది. జట్టు గుడి వెనక వెడల్పాటి బండ దగ్గరికి నడిచి, ఎవరి చోటు వాళ్లు తెలిసినట్టు తుండుగుడ్డలూ పైపంచెలూ పరిచింది. దామోదరం తన తుండుగుడ్డ పిండి, ఎక్కడ వేయాలో తెలియక నిలబడ్డాడు. సుబ్బమ్మ బండమీద ఆరేసిన తన చీరచెంగు కాస్త పక్కకు లాక్కుని చోటిచ్చింది.