ఒక్క తానులో ముక్కలు

మా ఆర్కిటెక్చర్ కాలేజీ వాళ్ళు విదేశీ టూరుకు పోతే, డబ్బు కట్టలేక నేను సిరిసిల్లలో ఇంట్లో ఉండిపోయాను. ఆ కోపమంతా షార్జాలో సెంట్రింగ్ పనిచేసే మా బాపు సదానందం మీద చూపించాను. ఎనిమిదేళ్ళుగా అక్కడుండి ఒక్క వీధి గురించీ చెప్పలేవని దెప్పాను. ఫోటోలు వద్దు, ఎదురుగా చూస్తూ గీసి పంపమన్నాను.

బాపు ఇదివరకు ఇక్కడే మరమగ్గాల సాంచెల మీద పనిచేస్తూ చీర అంచులకు డిజైన్లు గీసేవాడు. చెయ్యి తిరిగినవాడే. నేను ఫోన్లో ఒక్క సూత్రం చెప్పాను. ముందు నీ కంటి ఎత్తులో అడ్డంగా ఒక గీత గియ్యి. నేలమీద కూర్చుంటే గీత కిందికి వస్తుంది, మేడెక్కితే పైకి పోతుంది. మిగతావన్నీ దాన్నిబట్టే.

శుక్రవారం శుక్రవారం బొమ్మలు రాసాగాయి. పాత బజారు సందులు, గాలిని ఇంట్లోకి దింపే బురుజులు. సందులు నీడ కోసమే ఇరుకుగా కట్టారని గీస్తుంటే తెలిసిందట.

"ఎనిమిదేండ్లు గీ ఊర్ల గోడలు లేపిన బిడ్డా, ఊరును సూసింది గిప్పుడే," అన్నాడు. నాకు గర్వంగానూ ఉంది, కాస్త కుళ్ళుగానూ ఉంది.

తర్వాత బొమ్మలు మారాయి. గోడలు, ఏసీ డబ్బాలు, బట్టలారేసిన తీగలు. కింద రాసిన పేరు మాత్రం వారానికో వీధిది. అన్నింటిలోనూ గీత ఎదురు మేడ మూడో అంతస్తు దగ్గరే ఉంది. కిందికి దిగడానికి బద్ధకమా అన్నాను. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని తిట్టాను.

అలా ఆరు వారాల్లో వచ్చిన ఆరు బొమ్మలూ జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించాను. కండెలు చుడుతున్న మా అవ్వ, అంటే అమ్మ, సత్తమ్మ లేచి వచ్చి వాటిని నేలమీద పరిచింది. ఒకదాని పక్కకు ఒకటి జరిపింది. ఒక కాగితం చివర తెగిన నీళ్ళట్యాంకు, పక్క కాగితంలో దాని మిగతా సగం. తీగ మీది లుంగీ కూడా అంతే. అంచుకు అంచు కలిసింది.

"గివన్నీ ఒక్క తానుల ముక్కలే గదనే," అని నవ్వి, మళ్ళీ కండెల దగ్గరికి పోయింది.

నాకు నవ్వు రాలేదు. ఆరు వారాలుగా మా బాపు ఒకే కిటికీ దగ్గర ఉన్నాడు. మా వాడకట్టు భూమన్న కూడా గల్ఫ్‌లో అలాగే, కాగితాలు లేక, గడప దాటితే పోలీసులు పట్టుకుంటారని ఏడాది గదిలో దాక్కున్నాడు. అలాంటివాళ్ళను అక్కడ కల్లివెల్లి అంటారు. డాబా ఎక్కి ఫోన్ చేశాను.

"బాపు, కల్లివెల్లి అయినవా?"

ఇక దాచలేక చెప్పాడు. కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, వీసా గడువు దాటింది. ఏడుగురు ఒకే గదిలో ఉన్నారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయట. నేను తిట్టిన తిట్లు నాకే గుచ్చుకున్నాయి. అవ్వకు చెప్పొద్దన్నాడు.

"గీత తప్పు గీసిన్నా బిడ్డా?"

"తప్పు గీస్తే దొరకకపోతుంటివి బాపు. ఇగ దాయకు. గది గియ్యి."

మరుసటి శుక్రవారం గది వచ్చింది. ఏడు చాపలు, మూసిన తలుపు. గీత తలుపు గొళ్ళెం మీదుగా పోయింది. ఈసారి ఆ బొమ్మను అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని నేలమీద పెట్టి, అంచులు సరిచేసి, నా వైపు చూసింది.

"పక్క ముక్క ఏదే?"

"లేదవ్వా. బాపుకు గంతే ఉన్నది."