తిరగేసిన జేబు

లాండ్రీలో బట్టలు నీళ్లలో పడేముందు జేబులు తిరగేసి చూడటం ఎక్కడైనా ఉండేదే. ఆ షాపులో మాత్రం ఇంకో కట్టుబాటు ఉండేది. జేబులో ఏది దొరికినా ఇస్త్రీ అయ్యాక మళ్లీ అదే జేబులోకి వెళ్లాలి. ఆ సంగతి ఎవరి చెవినా పడకూడదు. "జేబుకి నోరుండదు. మనకీ ఉండకూడదు" అనేది షాపు నడిపే అమ్మ. సినిమా టికెట్లు, మందుబిళ్లలు, ఒకసారైతే ఒక పెద్దమనిషి కట్టుడు పళ్లు. ఆ పళ్లాయనకి కూడా ప్యాంటు మడత చేతిలో పెట్టి, "జేబు కాస్త బరువుగా ఉంది, చూసుకోండి" అని ఊరుకుంది తప్ప, నవ్వలేదు.

కూతుర్ని వీధంతా 'డిగ్రీ' అనే పిలిచేది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే మరి. పొద్దున అమ్మతో పాటు ఇస్త్రీ చేసేది, మధ్యాహ్నం కథలు రాసేది. కొత్తగా రాస్తున్నవాళ్ల కథలన్నీ కలిపి లైబ్రరీవాళ్లు ఒక పుస్తకం వేశారు. ఆ సాయంత్రమే సభ. ఒక నర్సు, ఒక కారు మెకానిక్కు, తర్వాత డిగ్రీ వేదికెక్కి తమ కథలు చదవాలి.

సభకు ముందు షాపులో అమ్మ ఇస్త్రీ చేస్తుంటే డిగ్రీ తన కథ పైకి చదివి చూసుకుంది. భార్య పోయిన ఒక బ్యాంకు ఉద్యోగి, ఆమె జడపిన్ను ప్యాంటు జేబులో వేసుకుని తిరుగుతుంటాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెయ్యి జేబులోకి పోతుంది.

కమురు వాసన వేసింది. అమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగిపోయింది. ఎవరిదో చొక్కా కాలర్ మాడింది. అమ్మ చేతిలో బట్ట కాలడం డిగ్రీ అంతవరకూ చూడలేదు.

"ఇది మాస్టారి జేబు కదే?"

"పేరు లేదు కదమ్మా. బ్యాంకులో ఉద్యోగం కూడా పెట్టాను."

"గాడిదకి టోపీ పెడితే ఎవరికీ తెలీకుండా పోతుందా? ఆయన్ని సభకి పిలిచింది ఎవరు?"

"నేనే."

అమ్మ మాడిన చొక్కా పక్కన పడేసింది. "మీ నాన్న పోయాక ఈ షాపు నిలబడింది నా చేతి మడత చూసి అనుకుంటున్నావా? మూసుకున్న నోరు చూసి. ఈ వీధిలో వాళ్లు వాళ్ల గుట్టు మూటగట్టి మన గుమ్మంలో పెట్టి పోతారు. నువ్వు మైకు పెట్టి విప్పుతావు."

మాస్టారంటే ఎవరో పరాయివాడు కాదు. డిగ్రీకి స్కూల్లో పాఠం చెప్పి, ఫీజుల దగ్గర చదువు ఆగిపోతుంటే ప్రిన్సిపాల్‌తో పోట్లాడి, లైబ్రరీ కార్డు ఇప్పించిన మనిషి. భార్య పోయాక ఆయన ప్యాంటు జేబులో ఆమె పిన్ను మొదటిసారి కనబడినప్పుడు లోపలి తెల్లటి అస్తరంతా తుప్పు మరక. అమ్మ నిమ్మచెక్కతో రుద్దింది. ఆ తర్వాత నుంచి పిన్నుకి చిన్న ప్లాస్టిక్ ముక్క చుట్టి లోపల పెట్టేది. ఆయన ఎన్నడూ అడగలేదు. అమ్మ ఎన్నడూ చెప్పలేదు.

హాలు నిండింది. వేదిక పక్కన బల్ల మీద పుస్తకాల దొంతర. సభ అయ్యాక అందరికీ పంచుతారు. అంటే చదవను అని తప్పుకున్నా లాభం లేదు. మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన వేసుకున్న ప్యాంటు పొద్దున తను ఇస్త్రీ చేసిందే. జేబులో ఏముందో డిగ్రీకి తెలుసు. అమ్మ వెనక తలుపు దగ్గర నిలబడింది. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

నర్సు చదివింది. సభ నడిపే ఆవిడ "మీ కథ ఎక్కడ పుట్టిందమ్మా?" అని అడిగింది.

"నైట్ డ్యూటీలో నిద్రపట్టని ఒక పేషెంటు చెప్పిన మాటలేనండి."

చప్పట్లు. 'ఆ పేషెంటుని అడిగి రాసిందా?' అనుకుంది డిగ్రీ.

మెకానిక్కు లేచాడు. కథకి ముందే నవ్వించాడు. "బండి కింద నేను పడుకుని ఉంటాను సార్. పైన మొగుడూపెళ్లాలు నేను లేననుకుని కొట్టుకుంటారు. స్పానరు నాది, డైలాగులు వాళ్లవి." హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వుల్లోనే డిగ్రీ వంగి వెళ్లి మాస్టారి పక్క కుర్చీలో కూర్చుంది.

"మాస్టారూ, ఒక మాట."

"భయమా? నీళ్లు తాగు."

"నా కథ... మీ జేబులోంచి తీశాను."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత చెయ్యి మెల్లగా కుడి జేబు మీదికి వెళ్లింది. మెకానిక్కు కథ సగంలో ఉంది. మాస్టారు వేదికవైపే చూస్తూ అడిగారు.

"ఇంకెవరికి తెలుసు?"

"అమ్మకి. మొదట్నించీ తెలుసు. ఎవరితోనూ అనలేదు. ఆ ప్లాస్టిక్ ముక్క చుట్టింది అమ్మే."

"నేను మా అక్క పని అనుకున్నా." జేబు మీంచే పిన్నుని తడుముకున్నారు. "చివర్లో వాడేం చేస్తాడు?"

"వంతెన మీంచి పిన్ను నదిలో వేసేస్తాడు."

"వెయ్యడు."

"మార్చేస్తాను మాస్టారూ. ఇప్పుడే, చదువుతూనే మార్చేస్తాను. ఉంచుకున్నట్టు..."

"వద్దు!" ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. వెనకవాళ్లు చూశారు. ఆయన గొంతు తగ్గించారు. "వెయ్యనీ. వాడు నదిలో వేస్తేనే వాడు నేను కాదు. అంతమట్టుకైనా నన్ను వదిలెయ్ అమ్మాయ్."

చప్పట్లు మోగాయి. డిగ్రీని పిలిచారు.

మెట్లెక్కింది. కథ ఉన్నది ఉన్నట్టు చదివింది. వంతెన వచ్చింది. పిన్ను నీళ్లలో పడింది. ముందు వరసలో మాస్టారి చెయ్యి జేబు మీదే ఉంది.

"ఇంత చిన్న వస్తువు మీకెక్కడ దొరికింది?" అని మెచ్చుకోలుగా అడిగింది సభ నడిపే ఆవిడ.

హాలంతా చూస్తోంది. డిగ్రీ తలుపు వైపు చూసింది.

"మాది లాండ్రీ అండి. అక్కడ దొరికింది అక్కడే ఉండాలని మా అమ్మ మాట. ఆ మాట నేను దాటాను. ఇంక చెప్పను."

జోక్ అనుకుని కొందరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. మాస్టారు అందరితో పాటు చప్పట్లు కొట్టారు, ఒక పుస్తకం తీసుకున్నారు, వెళ్లిపోయారు.

సోమవారం మాస్టారి బట్టల సంచి వస్తుందా రాదా అని డిగ్రీ షాపు తెరిచినప్పటి నుంచీ వీధివైపే చూసింది. వచ్చింది. ఎప్పటిలాగే గుమ్మంలో పెట్టి, "మడత జాగ్రత్తమ్మా" అని వెళ్లారు. ప్రాణం లేచొచ్చి సంచి విప్పింది.

ప్యాంట్ల జేబులన్నీ ఇంటి దగ్గరే ఖాళీ చేసి, తిరగేసి ఉన్నాయి. కుక్క చెవుల్లా బయటికి వేలాడుతున్నాయి. ఒకదాని అస్తరు మీద నిమ్మచెక్కకి లొంగని పాత తుప్పు మరక, లేత గోధుమరంగులో.

"కోపం వచ్చిందా అమ్మా ఆయనకి?"

"కోపమొస్తే వేరే షాపుకి పోతాడు." అమ్మ బట్టలు నీళ్లలో వేసింది. "జేబుకి గడియ పెట్టుకున్నాడు, అంతే."

ఆరాక ఆ ప్యాంటు డిగ్రీయే ఇస్త్రీ చేసింది. ఖాళీ జేబుని లోపలికి తోసి, వేళ్లతో మూలలు సరిచేసి, పైనుంచి మెల్లగా నొక్కింది.