హెప్సిబా అడిగిన బంతి

పట్టా మీద పరిచిన మిరపకాయల్లో హెప్సిబా తాలుకాయలు ఏరుతోంది. ఎర్రవి ఒక పక్కకి, తెల్లబారినవి ఇంకో పక్కకి. ఎండ ముదిరేలోపు ఒక బారు అయిపోతుంది, మర్నాడు మళ్లీ ఇంకో బారు. చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. కన్ను నలుపుకోవాలన్నా భయమే.

పక్కింటి మరియమ్మ పెద్దమ్మ పీట వేసుకుని కూర్చుని, రోజూ అడిగేదే అడిగింది. బంతి తన్నినందుకు నిజంగానే నెలనెలా జీతం ఇచ్చేవాళ్లా అని. ఇచ్చేవాళ్లనే హెప్సిబా రోజూ చెప్పినట్టే చెప్పింది.

"మా గేదె కూడా రోజూ తన్నుద్ది. దానికెవురూ ఇయ్యరేందే?"

"దాన్ని కేరళ పంపియ్ పెద్దమ్మా. నా జాగా ఖాళీగానే ఉంది."

పెద్దమ్మ పడీపడీ నవ్వింది. హెప్సిబా కూడా నవ్వింది గాని, ఆ మాటలో అబద్ధం లేదు.

దుర్గి పక్కన ఈ చిన్న ఊళ్లోంచి కోజికోడ్ దాకా పోయిన పిల్ల హెప్సిబా. విజయపురి సౌత్‌లో హాస్టల్లో చదివేటప్పుడు, ఇరిగేషన్ కాలనీ గ్రౌండులో ప్రవీణ్ కుమార్ అనే పీఈటీ సారు ఆమె పరుగు చూసి చేతికి ఫుట్‌బాల్ ఇచ్చాడు. చేతికి కాదు, కాళ్లకి అని ఆయనే సరిదిద్దుకున్నాడు. సారు నేర్పిన మొదటి పాఠం మాత్రం నోటికి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, బంతెవరిస్తారు, నోరు తెరిచి అడుగు అనేవాడు. హెప్సిబా అడిగేది. ఇంట్లో ఉలుకూ పలుకూ లేని పిల్ల గ్రౌండులో అరిస్తే కాలనీలో కుక్కలు లేచి నిలబడేవి. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆ తర్వాత కోజికోడ్ క్లబ్బు వాళ్లు ఫార్వర్డ్‌గా తీసుకోవడం, అన్నీ ఆ అరుపు వెనకే వచ్చాయి.

కేరళలో అన్నం లావుగా ఉండేది, వాన సన్నగా ఉండేది, రెండూ రోజూ ఉండేవి. వాటికి అలవాటు పడింది. ప్రాక్టీసులో "హియర్, హియర్" అని పిలిస్తే బంతి వచ్చి కాళ్ల దగ్గర వాలేది, గోల్సూ పడేవి. కోచ్ మేడం మెచ్చుకునేది. మ్యాచ్‌లో మాత్రం ఏదో తిరకాసు జరిగేది. డిఫెండర్ వెనక నుంచి జారుకుని, ఖాళీలోకి ఉరికి, గొంతు చించుకుని అరిచేది హెప్సిబా. మధ్యలో ఆడే అనఘ తలెత్తి చూసేది. కాలు కూడా ఎత్తేది. అంతలోనే గిరుక్కున అటు తిరిగి ఇంకెవరికో ఇచ్చేసేది. హెప్సిబా ఎంత గట్టిగా అరిస్తే బంతి అంత దూరం పోయేది.

సగం సీజన్ గడిచింది, ఒక్క గోలూ లేదు. సెలవులకి ముందు ఆఖరి మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పుతూ అనఘని నిలదీసింది. బంతి ఎందుకివ్వవని వచ్చినంత ఇంగ్లీషులో అడిగింది. అనఘ కూడా తనకి వచ్చినంత ఇంగ్లీషులోనే, "యూ ఓన్లీ నో," అంది. నీకు మాత్రం ఇవ్వను అని అర్థం చేసుకుంది హెప్సిబా. ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల, భాష రాని పిల్ల, కాబట్టి ఇవ్వరు. ఆ రాత్రి బండెక్కినప్పుడే ఇక తిరిగి రాకూడదనుకుంది.

మిగిలిన మ్యాచుల్లో ఆట చూసి వచ్చే ఏడు ఉంచుకోవాలో వద్దో తేలుస్తామని, మంగళవారానికి రమ్మని మేడం మెసేజ్ పెట్టింది. దానికి జవాబివ్వలేదు. ఇంట్లో చీలమండ నొప్పి అని చెప్పింది. వాళ్ల నాన్న ఏసోబు సాగర్ కాలువ మీద లస్కరు. ఫలానా రోజు మీ తూముకి నీళ్లొదుల్తా అన్నాడంటే ఆ రోజు నీళ్లు రావాల్సిందే. చుట్టుపక్కల రైతులు ఆ మాట మీదే నార్లు పోసుకుంటారు. కూతురు ఇక ఆడనందని ఆయన గురజాలలో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటుతో మాట్లాడి పీఈటీ ఉద్యోగం ఖాయం చేసొచ్చాడు. సోమవారం చేరాలి. ఈ రోజు శనివారం.

వసారాలో ఫోను మోగింది. హెప్సిబా మెడ సాచి చూసింది. తెర మీద అనఘ పేరు, వీడియో కాల్. ఆ తగాదా తర్వాత ఇన్నాళ్లకి. చేతులకి కారం ఉంది, తీయను అంది. అసలు కారణం కారం కాదని తల్లి ఆదెమ్మకి తెలుసు.

ఆదెమ్మది తెనాలి వైపు పల్లె. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె నోట పుట్టింటి యాస పోలేదు. ఊరంతా "ఇట్టా రా" అంటే ఆమె ఒక్కతే "ఇల్లా రా" అంటుంది. ఇల్లాదెమ్మ అని ఆడబిడ్డలు పేరు కూడా పెట్టారు. ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి మొహానికి ఆనించుకుంది. అవతలి పిల్లకి ఒక చెవి మాత్రం కనబడుతూ ఉండాలి.

అనఘ నమస్తే ఆంటీ అని, హెప్సి లేదా అని తన భాషలో అడిగింది. "హెప్సి ఇల్లే?"

"ఆ, ఇల్లే తల్లీ. మా ఇల్లే. ఇదిగో, ఇల్లా చూడు."

ఆదెమ్మ ఫోను తిప్పి గోడ చూపించింది.

"ఇల్లా?" అంది అనఘ, నీరుగారిపోయి.

"ఆ, ఇల్లా. ఇల్లా ఇల్లా," అని ఆదెమ్మ ఉత్సాహంగా వంటిల్లూ గేదెల కొట్టమూ కూడా చూపించింది.

"ఓకే ఆంటీ," అంది ఆ పిల్ల. పెట్టేయబోతోంది.

హెప్సిబా చేతిలో తాలుకాయ చేతిలోనే ఉండిపోయింది. మెస్సులో రోజూ వినే మాట అది. చేపలు ఇల్ల, పప్పు ఇల్ల, నీళ్లు ఇల్ల. లేదు అన్నా, ఊహూ అన్నా వాళ్లకి అదే మాట. ప్రాక్టీసులో ఊపిరి ఆడుతుంటే హియర్ అనేది నోటికి వస్తుంది. మ్యాచ్‌లో, ప్రాణం గొంతులోకొచ్చినప్పుడు, వెనక డిఫెండర్ రొప్పు వినబడుతున్నప్పుడు, తను ఏమని అరుస్తోంది?

అమ్మ మాటే. బంతి ఇల్లా, ఇల్లా, ఇల్లా.

ఒక్క ఉరుకున వసారాలోకి వచ్చి కారం చేతులతోనే ఫోను లాక్కుంది. గ్రౌండులో నేను అరిచేది నీకేమని వినబడుద్ది అని వచ్చినంత ఇంగ్లీషులో అడిగింది. అనఘ ఇంగ్లీషు చాలనిచోట చేతులు తిప్పుతూ చెప్పింది. వద్దు, వద్దు అంటావు. వెనకాల మనిషి ఉందేమో, అందుకే వద్దంటోందేమో అనుకుని ఇంకొకరికి ఇస్తాను. ప్రతిసారీ నువ్వే వద్దంటావు, మళ్లీ నన్నే తిడతావు. ఆ రోజు చెప్పాను గదా, యూ ఓన్లీ నో.

"తెలుగులో ఇల్లా అంటే హియర్," అంది హెప్సిబా.

అప్పటికే హాస్టల్‌కి చేరిపోయిన అనఘ మంచం మీద దొర్లి నవ్వడం మొదలెట్టింది. గోల్‌కీపర్‌ని పిలిచింది, కోచ్ మేడంని పిలిచింది, ఫోను చేతులు మారుతూ పోయింది, ప్రతి చేతిలోనూ ఒక నవ్వు. హెప్సిబా కన్ను తుడుచుకుంది. కారం చేతితో తుడుచుకుంది గనక ఆ తర్వాత ఏడ్చిందో మండిందో తేల్చడం కష్టమైంది. మరియమ్మ పెద్దమ్మ బిందెతో నీళ్లు తెచ్చి మొహం మీద కొట్టింది. జరిగిందంతా విన్న ఆదెమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"అయితే తప్పు మా పుట్టింటోళ్లదంటావ్. మీ నాన్న ఇన్నాళ్లనుంచీ అంటున్నదదే."

మధ్యాహ్నం ఏసోబు అన్నానికి వచ్చాడు. హెప్సిబా అంతా చెప్పింది. ఆయన ముద్ద మీద ముద్ద కలుపుకుంటూ విన్నాడు.

"అంటే నిన్నెవురూ ఎడంగా పెట్టలా. నువ్వే వొద్దొద్దని అరిచొచ్చావు."

"ఆ నాన్నా."

ఆదెమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు.

"ఆడాలని ఉంది నాన్నా. పంపియ్."

"సోమారం తీసుకొస్తానని మాటిచ్చా," అన్నాడు ఏసోబు. వేరేవాళ్లు అడిగినా కాదని ఆ కరస్పాండెంటు ఉద్యోగం వీళ్ల కోసమే ఆపాడని కూడా చెప్పి, చెయ్యి కడుక్కుని కాలువ మీదికి పోయాడు.

ఆదివారం చర్చిలో ఆయన ఎప్పటిలాగే గొంతెత్తి పాడాడు. ఇంటికొచ్చాక మాటెత్తలేదు. హెప్సిబా మళ్లీ అడగలేదు. పంపను అంటే వాదించవచ్చు. మాటిచ్చాను అనే మనిషితో ఏం వాదిస్తాం? ఆయన మాట పోగొట్టి గోల్ కొట్టినా అది మింగుడు పడదు. బ్యాగు సర్దితే తొందరపడినట్టు, సర్దకపోతే ఒప్పుకున్నట్టు. అందుకని బ్యాగు జిప్పు తెరిచి మంచం పక్కన పెట్టి ఊరుకుంది.

"తూముకి నీళ్లు రావంటే మీ నాన్న ఫోన్లో చెప్పడే," అంది ఆదెమ్మ జడ వేస్తూ. "ఆ రైతు ఇంటికి పోయి, మొహాన చెప్పి, నాలుగు తిట్టించుకుని వస్తాడు. దానికి మనసు కూడగట్టుకోవాలి గదా. చూద్దాం."

సోమవారం పొద్దున్నే ఆదెమ్మ రెండు జతలు ఇస్త్రీ చేసి పెట్టింది. ఏసోబుకి తెల్లచొక్కా, హెప్సిబాకి స్కూలుకి వేసుకుపోవాల్సిన చుడీదారు. హెప్సిబా స్నానం చేసి, ఆ చుడీదారే వేసుకుని, దుపట్టాకి పిన్ను పెట్టుకుని వసారాలో నిలబడింది. చెప్పులు తొడుక్కుంది. నాన్న రమ్మంటే వెళ్లి బండెక్కుతుంది. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు.

ఏసోబు అద్దం ముందు తల దువ్వుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని బయటికొచ్చాడు. కూతుర్ని కింద నుంచి పైదాకా చూశాడు. మంచం పక్కన జిప్పు తెరిచి ఉన్న బ్యాగుని చూశాడు. లోపలికి వెళ్లి, ఆ బ్యాగు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. బండి స్టాండు తీశాడు. వెనక సీటు మీద దుమ్ము తుడవలేదు.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు గనక ఆదెమ్మ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. ఇచ్చిన మాట ఇచ్చినచోటే, ఇచ్చిన మొహం ముందే వెనక్కి తీసుకోవాలి. గురజాల దాకా పోవాలి.

ఏసోబు ఒక్కడే, బండి నడిపించుకుంటూ వాకిలి దాటి వెళ్లిపోయాడు.